ఓబయ్యగారిది ఏ ఊరు?

1671లో చనిపోయిన ఓబద్యా థ్రెల్ అనే ఆయన, తను ఇంగ్లండులో ఏ ఊళ్లో పుట్టాడో తేల్చుకుందామని ఒక సోమవారం పొద్దున పదిన్నరకు బందరు వచ్చి, మూల నిర్ధారణ కేంద్రంలో పదకొండో నంబరు టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన ముందు పదిమంది ఉన్నారు. అందులో నలుగురు చనిపోయినవాళ్లు, మిగతావాళ్లు చనిపోయినవాళ్ల తరఫున వచ్చినవాళ్లు. చనిపోయినవాళ్లకు వేరే వరస పెట్టాలని లోగడ ఒక ప్రతిపాదన వచ్చింది గాని, వాళ్లకంత తొందరేముంటుందని పైవాళ్లు దాన్ని పక్కన పడేశారు.

కేంద్రం ఒక రోల్డుగోల్డ్ దుకాణం పైన మొదటి అంతస్తులో ఉంది. అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాల మొట్టమొదటి పూర్వీకుడు ఏ ఊరి నుంచి ఓడ ఎక్కాడో తేల్చడం దాని పని. ఈ పని బందరుకు వచ్చి చాలా ఏళ్లయింది. గొలుసుకట్టు చేతిరాత చదవగలిగినవాళ్లు, ఎవరి వంశం గురించయినా విసుగు లేకుండా మాట్లాడగలిగినవాళ్లు, ఎదుటి మనిషిది ఏ ఊరో తెలిసేదాకా ముద్ద మింగుడుపడనివాళ్లు ఒకేచోట ఇంతమంది ప్రపంచంలో ఇంకెక్కడా దొరకలేదని కేంద్రం ప్రారంభోత్సవం నాడు వచ్చిన పెద్దమనిషి ఉపన్యాసంలో చెప్పాడు.

మూడో బల్ల దగ్గర కూర్చునే బొడ్డు సుగుణమణి పదకొండో నంబరును పిలిచింది. నలభై ఆరేళ్ల మనిషి. పంతొమ్మిదేళ్లుగా అదే బల్ల. ఆయన అందించిన దరఖాస్తు మీద ఇంటిపేరు చూసి, ఆమె పాత కేసులు తిరగెయ్యకుండానే థ్రెల్ వారి తగాదా సంగతి గుర్తుపట్టింది.

"కూర్చోండి. పేరు?"

"ఓబద్యా."

ఆమె దరఖాస్తు మీద 'ఓబయ్య' అని రాసుకుంది. ఆ తరవాత కేంద్రంలో గాని, ఊళ్లో గాని ఆయన్ని ఇంకో పేరుతో ఎవరూ పిలవలేదు.

"చెప్పండి ఓబయ్యగారూ. మీరు స్వయంగా ఎందుకు రావాల్సొచ్చింది?"

"నేను పరుండియుండగా నా రాతిని పెరికివేసిరి" అన్నాడాయన. చనిపోయినవాళ్లకు భాష అడ్డం రాదని కేంద్రం నియమావళి మూడో పేజీలో ఉంది. అయితే ఏ కాలపు తెలుగు వస్తుందో మాత్రం చెప్పలేం. భక్తిపరుడు కాబట్టి ఆయనకు పాత బైబిలు తెలుగు వచ్చింది.

జరిగిందిది. ఓబయ్యగారు 1635లో ఓడ దిగి మసాచుసెట్స్‌లో స్థిరపడ్డాడు. ఇప్పుడు ఆయన సంతానం పదకొండు వేలమంది. వాళ్లలో సగంమంది ఆయనది డెవన్‌లోని నెదర్‌కోంబ్ అనీ, తండ్రి రెండువందల ఎకరాల ఆసామీ అనీ అంటారు. తక్కిన సగం ఆయనది సఫోక్‌లోని ఆష్‌విక్ అనీ, తండ్రి చేతితొడుగులు కుట్టుకుని బతికేవాడనీ అంటారు. రెండు ఊళ్ల చర్చి పుస్తకాల్లోనూ ఆ పేరుతో ఒక పసివాడి బాప్తిస్మం నమోదై ఉంది. ఓడ పుస్తకంలో ఊరి పేరు రాసినచోటు సరిగ్గా ఎలుక కొట్టేసింది. నూటపాతికేళ్లుగా ఈ రెండు వర్గాలూ ఒకే పార్కులో, ఒకే ఆదివారం, చెరో చివర వనభోజనాలు చేస్తున్నాయి. నిరుడు డెవన్‌వాళ్లు సమాధిరాయి మీద 'డెవన్‌లో పుట్టిన' అని చెక్కించారు. వారం తిరక్కుండా సఫోక్‌వాళ్లు ఉలి పట్టుకెళ్లి దాన్ని గీకేశారు. శ్మశానం యాజమాన్యం విసిగిపోయి, తుది నిర్ణయం వచ్చేదాకా అని రాయి పీకి గోదాములో పెట్టేసింది. రాయి లేని సమాధిలో ఎవరూ ఉండకూడదని అక్కడి నిబంధన. కాబట్టి ఆయన లేచి రావలసి వచ్చింది.

"మరి ఆవిడ?" అంది సుగుణమణి, దరఖాస్తులో భార్య పేరు చూసి.

"పేషెన్సు అక్కడనే యున్నది. ఆమె రాతి మీద 'ఓబద్యా భార్య' అని మాత్రమే యున్నది గనుక ఎవరికిని తగవు లేదు." ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మూడువందల యేబది యేండ్లు ఆమె ప్రక్కనే యుంటిని అమ్మా. ఆమెకు చలి యెక్కువ."

సుగుణమణికి ఆయన మీద జాలి కలిగింది. కలిగినా మొదటి విచారణకు తేదీ నాలుగు నెలల తరవాతే దొరికింది.

విచారణకు సూపరింటెండెంటు తాడంకి పురుషోత్తం కూర్చున్నాడు. గోడ మీద తెరలో డెవన్ వర్గం తరఫున విల్మా అనే రిటైర్డు పంతులమ్మ, సఫోక్ వర్గం తరఫున కార్ల్ అనే పళ్ల డాక్టరు కనిపిస్తున్నారు. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ ఆ తెరే తర్జుమా చేస్తుంది. పూర్వీకుణ్ణి చూడగానే ఇద్దరూ నమస్కారం పెట్టారు. వెంటనే ఇద్దరూ అభ్యంతరం కూడా పెట్టారు. ఆయన మాటను సాక్ష్యంగా తీసుకోకూడదని, ఈ వ్యవహారంలో ఆయనకు స్వార్థం ఉందని, ఆ ఒక్క విషయంలో రెండు వర్గాలూ ఏకమయ్యాయి.

"అభ్యంతరం న్యాయంగానే ఉంది" అన్నాడు పురుషోత్తం. "ఓబయ్యగారూ, తప్పుగా అనుకోబాకండి. మీరు పుట్టినప్పుడు మీరు అక్కడున్నారు. కాదన్ను. కాని ఆ ఊరి పేరు మీ అంతట మీరు చదివారా?"

"లేదు. మా తల్లి చెప్పెను."

"అదే మరి. ఎవరి పుట్టుకైనా వాళ్లకు విన్నమాటే. విన్నమాట సాక్ష్యం కాదు. నాదైనా అంతే, మీదైనా అంతే. పోనీ తెలుసుకుందామని అడుగుతున్నా, ఆవిడ ఏం చెప్పింది?"

ఓబయ్యగారు నేలచూపులు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. ఓడ దిగిన కొత్తలో పొలం కోసం అర్జీ పెట్టుకున్నప్పుడు ఆసామీ కొడుకునని చెప్పాడు. చర్చి సంఘంలో చేరేటప్పుడు అక్కడ గర్వం పనికిరాదు కాబట్టి తొడుగులు కుట్టేవాడి కొడుకునన్నాడు. పొలం వచ్చింది. సంఘంలోనూ చేర్చుకున్నారు. ఇక ముప్పయ్యారేళ్లపాటు వారంలో ఆరురోజులు ఒకటీ, ఆదివారం ఇంకోటీ చెబుతూ వచ్చాడు.

"రెండింటిలో ఒకటి సత్యమై యుండవలెను. అది యేదో నేను మరచితిని. మా యింటి యెదుట వంతెన యుండెను. వంతెన క్రింద బాతులు ఈదుచుండెను. అది మాత్రము నిశ్చయము."

తెరలో విల్మా ఎగిరి గంతేసింది. "నెదర్‌కోంబ్‌లో వంతెన ఉంది! బాతులున్నాయి!"

"ఆష్‌విక్‌లోనూ ఉన్నాయి" అన్నాడు కార్ల్. "మావి తెల్లవి. బాతులు ఏ రంగో ఆయన్ని అడగండి."

బాతుల రంగు గురించి అడగాలంటే విడిగా దరఖాస్తు చేసుకోవాలి. కేసు వాయిదా పడింది.

వాయిదాకూ వాయిదాకూ మధ్య ఉండడానికి సుగుణమణి ఆయనకు గ్రేసమ్మగారింట్లో ఒక గది చూసిపెట్టింది. గ్రేసమ్మగారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. పిల్లలు లేరు, భర్త పోయాడు. గుమ్మంలో నిలబడ్డ ఓబయ్యగారిని చెప్పులు విడవకముందే అడిగింది.

"మీదేవూరండీ?"

ఆయన నెదర్‌కోంబ్ వాదన, ఆష్‌విక్ వాదన, ఎలుక, బాతులు అన్నీ చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపింది.

"అది కాదండీ నేనడిగేది. ఏవిట్లు మీరు?"

ఊరు అడగడమంటే అసలు అడిగేది అదేనని ఆయనకు అప్పుడర్థమైంది. తన కాలంలో అమెరికాలోనూ అంతే అయినందువల్ల ఆయనకేమీ కొత్తగా అనిపించలేదు. తాము ప్యూరిటన్లమని చెప్పాడు.

"ఆ పేరుగలవాళ్లు ఇటువైపు లేరే" అని ఆవిడ కాసేపు ఆలోచించింది. "ప్రార్థన చేస్తారా?"

"దినమునకు మూడు మారులు."

"అయితే లోపలికి రండి. చేపలు తింటారుగా?"

ఆయన చేపలు తిన్నాడు. మొదటి ముద్దకే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. రెండో ముద్దకు, 1671 తరవాత తనకు ఇంత మంచి రోజు రాలేదన్నాడు.

రెండో ఏడు కేంద్రం ఆయనకు పరీక్ష పెట్టింది. తోలు ముక్క, సూది, దారం ఇచ్చి కూర్చోబెడితే ఆయన గంటలో ఒక జత తొడుగులు కుట్టాడు. కుట్టు కనిపించలేదు. కార్ల్ తెరలో చప్పట్లు కొట్టాడు. విల్మా పట్టుబట్టడంతో ఆయన్ని ఊరవతలకు తీసుకెళ్లి ఒక చేను చూపించారు. ఆయన గట్టు మీద నిలబడి అది ఎంత విస్తీర్ణమో సెంటు తేడా లేకుండా చెప్పాడు. ఇప్పుడు విల్మా చప్పట్లు కొట్టింది. రెండు ఫలితాలూ ఫైలులో పెట్టి, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయని సుగుణమణి కింద రాసింది.

ఆ తొడుగులు మాత్రం వృథా పోలేదు. కింద దుకాణానికి నగలు తయారుచేసే షెడ్డులో పాతికమంది ఆడవాళ్లు పనిచేస్తారు. బంగారం పూత పెట్టేటప్పుడు వాళ్ల వేళ్లు పొక్కిపోయేవి. ఓబయ్యగారు ఒక్కొక్కరి చెయ్యి చూసి, ఎవరికి తగ్గట్టు వాళ్లకు తొడుగులు కుట్టిచ్చాడు. వాళ్లు ఆయన్ని బాబాయిగారు అనడం మొదలుపెట్టారు. వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు పిలిచారు. ఆయన వెళ్లాడు. ఒక పెళ్లిలో వియ్యాలవారు ఎవరండీ ఈయన అని అడిగితే, షెడ్డు మేస్త్రి సుభద్ర, "మా బాబాయేనండీ. చనిపోయారు. వడ్డన కానివ్వండి ముందు" అంది.

మూడో ఏటికి ఆయన మాటలో యకారాలు, ఉకారాలు రాలిపోయాయి. నాలుగో ఏటికి "అట్టా కాదండీ" అనడం వచ్చింది. సాయంత్రాలు గ్రేసమ్మగారి అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్లను ఎక్కడినుంచి వస్తున్నారని అడిగేవాడు. వాళ్లు చెబితే ఆ ఊళ్లో తనకు తెలిసినవాళ్ల పేర్లు చెప్పేవాడు. పేషెన్సుకు మాత్రం నెలకొక ఉత్తరం రాసేవాడు. సమాధి నంబరు వేస్తే ఉత్తరాలు చేరతాయి, జవాబు రావడానికే ఏడాది పడుతుంది. ఆవిడ జవాబుల్లో ఎప్పుడూ ఒకటే ఉండేది: 'నీ వైపున నేల చల్లగా నున్నది. తీర్పు వచ్చెనా?'

ఆయన ఆ ఉత్తరాలు చదివి వినిపించినప్పుడల్లా సుగుణమణి ఒక రిమైండరు తయారుచేసి పైకి పంపేది. పైన అది వరసలో చేరేది.

అయిదో ఏట, కేంద్రం రాసిన ఉత్తరాలకు ఇంగ్లండు నుంచి రెండు ఊళ్ల జవాబులూ ఒకే టపాలో వచ్చాయి. విచారణ రోజున పురుషోత్తం వాటిని పైకి చదివాడు. తమ ఓబద్యా రెండేళ్ల వయసులోనే కోరింతదగ్గుతో పోయాడనీ, చర్చి ఆవరణలోనే ఉన్నాడనీ, కావాలంటే వచ్చి చూసుకోవచ్చుననీ నెదర్‌కోంబ్‌వాళ్లు రాశారు. తమ ఓబద్యా ఊరు దాటి ఎక్కడికీ పోలేదనీ, 1680లో చనిపోయాడనీ, ఇప్పటికీ బుధవారాలు చర్చి గంట ఆయనే కొడతాడనీ, ఆయన్ని వదులుకునే ఉద్దేశం తమకు లేదనీ ఆష్‌విక్‌వాళ్లు రాశారు.

ఓబయ్యగారే ముందు అడిగాడు.

"అంటే నేను ఆ రెండూళ్లవాణ్ణీ కాదాండీ?"

"కానట్టే ఉందండి."

"మరి ముప్పయ్యారేళ్లు నేను చెప్పిందంతా?"

పురుషోత్తం కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇక్కడికొచ్చే కేసుల్లో ఎక్కువ అట్టాగే ఉంటాయండి. మీరేం బాధపడబాకండి."

ఆయన బాధపడ్డాడు. ఆ వారం అరుగు మీదకు రాలేదు. గ్రేసమ్మగారు చేపల పులుసు గిన్నె గది ముందు పెట్టి తలుపు కొట్టింది. "ఊరు లేకపోతే మనిషి లేడా ఏంటండీ? లేచి తినండి. చల్లారితే నీచు వాసనొస్తది." ఆయన లేచి తిన్నాడు.

రెండు వర్గాలూ ఆ ఉత్తరాలను ఒప్పుకోలేదు. నూటపాతికేళ్లు వాదించిన ఊరిని ఒక్క ఉత్తరానికి వదిలేస్తే ఇన్నాళ్లూ విడివిడిగా తిన్న భోజనాలకు అర్థమేముంటుందని విల్మా నిజంగానే ఏడ్చింది. కార్ల్ ఆమెను ఓదార్చాడు. ఆ రెండు వర్గాల మనుషులు ఒకరినొకరు ఓదార్చుకోవడం అదే మొదలని ఫైలులో ఉంది.

ఏడో ఏడు నిండిన మర్నాడు సుగుణమణి నియమావళి పట్టుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్లింది. ఆవిడ దాన్ని మొదటి పేజీ నుంచి వరసగా చదవడం మొదలుపెట్టి రెండేళ్లయింది. కేంద్రంలో అంతకుముందు ఎవరూ ఆ పని చెయ్యలేదు.

"రెండువందల పన్నెండో పేజీ చూడండి సార్. పుట్టిన ఊరు తేలని మనిషి ఒకేచోట ఏడేళ్లు ఎడతెగకుండా ఉంటే, ఆ చోటే అతని మూలం. విచారణలో గడిచిన కాలం కూడా లెక్కకొస్తది."

పురుషోత్తం రెండుసార్లు చదివాడు. "బతికున్నవాళ్లకేమో?"

"బతికుండాలని ఎక్కడా లేదు సార్."

"అయితే ఏమంటావమ్మా?"

"ఆయన మన ఊరాయన సార్."

తీర్పు రెండు పేజీలు వచ్చింది. దాన్ని పురుషోత్తం తెరముందు నిలబడి చదివాడు. పదకొండు వేలమందీ ఆ రోజు వింటున్నారు. ఎలుక, బాతులు, తొడుగులు, చేను, ఉత్తరాలు అన్నీ అయ్యాక చివరి వాక్యం: 'కావున ఓబద్యా థ్రెల్ ఉరఫ్ ఓబయ్యగారి మూలస్థానము బందరు, గ్రేసమ్మగారి ఇల్లు, ఇంగ్లీషుపాలెము అని నిర్ధారించడమైనది.'

"చివరి మాట ఇంకోసారి చదువుతారా?" అన్నాడు కార్ల్.

"ఇంగ్లీషుపాలెం."

"ఇంగ్లీషు?"

"ఇంగ్లీషేనండి. పాలెం అంటే ఊరే."

విల్మా కుర్చీలోంచి లేచింది. "అంటే ఆయన ఇంగ్లీషు మూలం రుజువైనట్టేగా?"

"రాతపూర్వకంగా" అన్నాడు పురుషోత్తం.

తెరలో ఒకటే కేకలు. ఎవరూ ఓడిపోలేదు. డెవన్‌వాళ్లకు సఫోక్ కానందుకు సంతోషం. సఫోక్‌వాళ్లకు డెవన్ కానందుకు సంతోషం. ఆ ఏడు పార్కులో రెండు చివరలా కాకుండా నడిమధ్య ఒకే బల్ల వేశారు. తరవాతి జనవరిలో రెండువందల పద్నాలుగు మంది నాలుగు బస్సుల్లో బందరు వచ్చారు. ఇంగ్లీషుపాలెం వీధులన్నీ తిరిగి, కనిపించిన ప్రతివాళ్లనూ మనకేమైనా చుట్టరికం ఉందా అని అడిగారు. బందరువాళ్లు అలాంటి ప్రశ్నను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోరు. ప్రతి అరుగు మీదా కూర్చోబెట్టి, అటు నుంచి ఇటు నుంచి లాగి, మధ్యాహ్నానికల్లా ప్రతి ఒక్కరికీ ఏదో ఒక వరస కుదిర్చారు. కార్ల్ సుభద్రకు వదిన కొడుకు వరస అయ్యాడు. షెడ్డు ఆడవాళ్లు షామియానా వేసి రెండువందల పద్నాలుగు మందికీ విస్తళ్లు వేశారు. ఓబయ్యగారు పంక్తుల మధ్య తిరుగుతూ, "మొహమాట పడబాకండి, మన ఇల్లే" అంటుంటే, భాష తెలియని ఆయన ముని ముని మనవలు ప్రతి మాటకూ తల ఊపి మళ్లీ వడ్డించుకున్నారు.

ఇక సమాధిరాయి మీద కొత్త ఊరు చెక్కించడమే మిగిలింది. ఆ ఉత్తర్వుతోపాటు శ్మశానానికి ఇంకో కాగితం కూడా వెళ్లింది. భర్త మూలస్థానమే భార్య మూలస్థానం కాబట్టి, పేషెన్సు వివరాలు కూడా దానంతటదే సవరించబడ్డాయి. సవరణ కోసం ఆవిడ రాయీ పీకారు. రాయి లేదు కాబట్టి ఆవిడా లేచింది.

ఆవిడ ఒక మంగళవారం పన్నెండు గంటలకు, నల్ల గౌనులో, చిన్న మూటతో కేంద్రం మెట్లెక్కింది. ఓబయ్యగారు గుమ్మంలో ఎదురు నిలబడ్డాడు. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎండన పడొచ్చావు. ముందు కాసిని మజ్జిగ తాగు" అన్నాడాయన.

"నీ మాట మారినది" అంది ఆవిడ. తరవాత ఆయన మొహం రెండు చేతుల్లోకి తీసుకుని నవ్వింది. "నీ చేతులు వెచ్చగా నున్నవి."

"ఇక్కడ అందరివీ అంతేనే."

సుగుణమణి ఆవిడకు కుర్చీ వేసి, సంతకం కోసం కాగితం ముందు పెట్టింది. అందులో అన్నీ పూర్తిచేసే ఉన్నాయి. పేరు, భర్త పేరు, మూలస్థానం ఇంగ్లీషుపాలెం. పేషెన్సు చదువుకుంటుంటే సుగుణమణికి ఒక మాట అడగాలనిపించింది. పంతొమ్మిదేళ్లూ ఈ ఏడేళ్లూ కలిపి ఇంతవరకు ఈ బల్ల దగ్గర ఎవరినీ అడగలేదు.

"అసలు మీదేవూరమ్మా?"

పేషెన్సు తలెత్తింది. "నాదా? డోర్సెట్టులో హేల్‌బ్రుక్కు. మా గుమ్మమునకు కుడిప్రక్కన రేగుచెట్టు వంటిదొకటి యుండెను. మా తండ్రి గొఱ్ఱెలు కాయువాడు. మా తల్లి పేరు జోను. నేను పుట్టిన దినమున వడగండ్లు పడెను. వ్రాసికొనెదవా?"

సుగుణమణి కలం పట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. రాయడానికి గడి లేదు.

"అక్కర్లేదమ్మా. ఊరికే అడిగా."

"అట్లే" అంది పేషెన్సు. చూపించినచోట సంతకం పెట్టింది. ఇల్లెక్కడ, బావి ఉందా, చేపలెలా వండుతారు అని భర్తను అడుగుతూ మూట అందుకుంది. ఆయన లాక్కుని తనే పట్టుకున్నాడు. మెట్లదాకా వెళ్లి, ఏదో మరిచిపోయినట్టు ఆవిడ వెనక్కి తిరిగింది.

"మరి నీది యే ఊరు తల్లీ?"

సుగుణమణి పుట్టింది అక్కడికి నాలుగు వీధుల అవతల. చదివిందీ, ఉద్యోగం చేస్తున్నదీ బందర్లోనే. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అత్తగారి ఊరు మూడుసార్లు చూసింది.

"ముదినేపల్లి పక్కనండీ" అని తడుముకోకుండా చెప్పి, పన్నెండో నంబరును పిలిచింది.